అప్లికేషన్ ఫారంలో రెండో గడి

పేరెంట్స్ మీటింగ్‌లో మార్కులు, హోంవర్కు, హ్యాండ్‌రైటింగ్ అన్నీ మాట్లాడుకోవడం అయ్యాక, కొందరు తల్లులు లేవబోతూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడమ్, పాపకు తమ్ముడు పుట్టాడు. ఇంకో పది రోజుల్లో బారసాల. మీరు ఇంగ్లిష్ టీచర్ కదా, మంచి పేరు ఒకటి చెప్పండి." మంచి పేరంటే ఎలా ఉండాలని అడిగితే జాబితా సిద్ధంగా ఉంటుంది. మూడు అక్షరాలు దాటకూడదు. మా అపార్ట్‌మెంట్‌లో ఇంకెవరికీ ఉండకూడదు. నక్షత్రం ప్రకారం వచ్చిన అక్షరంతో మొదలవ్వాలి. రేపు అమెరికా వెళ్తే అక్కడివాళ్లకు నోరు తిరగాలి. చివరగా కాస్త గొంతు తగ్గించి, "మరీ ఊళ్లో పేరులా ఉండకూడదు మేడమ్" అంటారు.

మొదటి నాలుగు షరతులతో నాకే పేచీ లేదు. ఎవరి బిడ్డకు వారు ముద్దుగా పెట్టుకునే పేరు అది. నేనీ నెల రాస్తున్నది గొంతు తగ్గించి చెప్పే ఆ అయిదో షరతు గురించి.

ఒకే అమ్మవారు, రెండు పేర్లు

ఊళ్లో పేరు అంటే ఏమిటి? ఎల్లమ్మ ఊళ్లో పేరు, రేణుక కాదు. కానీ గుడికి వెళ్లి చూడండి, అమ్మవారిని రేణుకా ఎల్లమ్మ అనే పిలుస్తారు. ఇద్దరూ ఒకరే. వెంకన్న ఊళ్లో పేరు, శ్రీనివాస్ కాదు. ఇద్దరూ ఉండేది ఆ ఏడుకొండల మీదే. అప్పలరాజు అంటే నవ్వు వస్తుంది, నరసింహ అంటే రాదు. సింహాచలంలో వెలసిన వరాహ లక్ష్మీనరసింహస్వామినే ఉత్తరాంధ్ర జనం అప్పన్న అని పిలుచుకుంటారు. మల్లయ్య పాతది, మల్లికార్జున్ పరవాలేదు.

దేవుడు మారలేదు, అర్థమూ మారలేదు. మారింది ఆ పేరు వినగానే మన కళ్లముందు కదిలే మనిషి. రేణుక అనగానే బ్యాంకు కౌంటర్లో కూర్చున్న ఆవిడ కనిపిస్తుంది. ఎల్లమ్మ అనగానే పొలంలో నాట్లు వేస్తున్న ఆవిడ కనిపిస్తుంది. మనకు నచ్చనిది ఆ పేరు శబ్దం కాదు. ఆ పేరు పెట్టుకున్నవాళ్లు చేసిన పని, వాళ్ల దగ్గర లేని డబ్బు.

ఇంకో సంగతి గమనించండి. మనం మొరటుగా ఉన్నాయని కత్తిరించేస్తున్న 'అయ్య', 'అమ్మ' అనే తోకలు నిజానికి మన భాషలో గౌరవ వాచకాలు. దొరల కాలంలో తెలంగాణ పల్లెల్లో కూలి చేసుకునే మనిషి పేరు ఎల్లయ్య అయినా పిలుపు మాత్రం 'ఎల్లిగా' అనే ఉండేది. మల్లయ్య మల్లిగాడు అయ్యేవాడు. నలుగురిలో 'అయ్య' అని పూర్తిగా పిలిపించుకోవడానికి కొన్ని కుటుంబాలకు ఒక తరం పట్టింది. తాత అంత కష్టపడి తెచ్చుకున్న అక్షరాలు మనవడి దగ్గరకు వచ్చేసరికి నామోషీ అయిపోయాయి.

నవ్వు తెప్పించే పేర్ల వెనక

పాత పేర్లలో బాగా నవ్వు తెప్పించేవి పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, పుల్లమ్మ. ఈ పేర్లు ఎలా వచ్చాయో ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే అడగండి. ముందు పుట్టిన బిడ్డలు వరసగా చనిపోతే, తరువాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి తీసేవారు. లేదా ఎంగిలి విస్తరాకుల్లో పొర్లించి తీసేవారు. ఎవరికీ అక్కరలేని బిడ్డ అనుకొని మృత్యువు వదిలేసి పోతుందని ఆశ. ఆ బిడ్డకు ఆ పేరే పెట్టేవారు. భిక్షపతి, భిక్షమయ్య లాంటి పేర్లదీ ఇలాంటి కథే. ఈ బిడ్డ మాది కాదు, దేవుడు వేసిన భిక్ష అని చెప్పుకోవడం.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 140 మందికి పైగా మొదటి పుట్టినరోజు చూడకుండానే చనిపోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. ఈ రెండు అంకెల మధ్య టీకాలు, ఆసుపత్రులు, మంచినీళ్లు ఉన్నాయి. అవేవీ లేని రోజుల్లో తల్లి చేతిలో ఉన్న మందు ఒక్కటే, బిడ్డ పేరు. మనం ఈరోజు వెబ్‌సైట్లు వెతికి పెట్టుకునే ఏ పేరులోనూ అంతకంటే ఎక్కువ ప్రేమ ఉందని నేననుకోను.

ఇలా ప్రతి పేరులో ఏదో ఒకటి దాగి ఉంటుంది. కోస్తాలో, రాయలసీమలో హిందువుల ఇళ్లలోనూ మస్తానయ్యలు, దస్తగిరమ్మలు ఉన్నారంటే, వాళ్ల అమ్మమ్మలు దర్గాకు మొక్కుకున్నారని అర్థం. నాస్తికవాది గోరా 1930లో, ఉప్పు సత్యాగ్రహం జరిగిన ఏడాది పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939లో పుట్టిన కొడుక్కి సమరం అని పెట్టారు. ఆ పేర్లు విని అప్పట్లో నవ్వినవాళ్లు ఉండే ఉంటారు. తరువాత లవణం గారు సంఘసేవకుడిగా, సమరం గారు డాక్టరుగా తెలుగువాళ్లందరికీ తెలిశారు.

ఈరోజు స్టైలు రేపు పాత

"కొత్త పేరు పెడితే ఈ గొడవే ఉండదు కదా మేడమ్" అని మీరు అనవచ్చు. కొత్త పేరు ఎంతకాలం కొత్తగా ఉంటుందో చూద్దాం. రమేష్, సురేష్, రాజేష్ ఒకప్పుడు వెంకయ్యలు, సుబ్బయ్యల మధ్య పట్నం గాలిలా వినిపించిన పేర్లు. ఇప్పుడవి మా క్లాసులో 'నాన్నల పేర్లు'. స్వప్న, మాధవి, శిరీష 'అమ్మల పేర్లు'. ఇప్పుడు మా అటెండెన్స్ రిజిస్టర్ల నిండా సాత్విక్‌లు, రిత్విక్‌లు, ఆరాధ్యలు, ఆద్యలు. ఒక సెక్షన్‌లో ముగ్గురు సాత్విక్‌లు ఉంటే ఇంటిపేరు కలిపి పిలవాల్సి వస్తోంది. ఎవరికీ ఉండకూడదని ఏరి కోరి పెట్టిన పేరే అందరికీ ఉంటోంది. పాతికేళ్ల తరువాత ఆ పేర్లూ నాన్నల పేర్లు, అమ్మల పేర్లు అవుతాయి. వాటిని చూసి నవ్వేవాళ్లు మీ మనవలే.

జర్మనీలో ఇది ఇంకా విడ్డూరంగా జరిగింది. 1990ల మొదట్లో అక్కడ కెవిన్ అనే పేరు బాగా ప్రచారంలోకి వచ్చింది. ఇంగ్లిష్ పేరు, స్టైలుగా ఉందని చాలామంది తల్లిదండ్రులు ముచ్చటపడి పెట్టుకున్నారు. 2009లో ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రైమరీ స్కూలు టీచర్లను పేర్ల గురించి అడిగి చూశారు. కెవిన్ అనే పిల్లాడంటే అల్లరివాడు, చదువు రానివాడు అని టీచర్లలో ఒక అభిప్రాయం ఏర్పడి ఉందని తేలింది. డబ్బున్న ఇళ్లవాళ్లు పెట్టుకునే పాత సంప్రదాయ పేర్లకేమో మంచి మార్కులు పడ్డాయి. అంటే పాత పేరు తక్కువ, కొత్త పేరు ఎక్కువ అనే లెక్క కూడా ఎక్కడా స్థిరంగా లేదు. ఆ పేరు ఎవరి ఇళ్లలో ఎక్కువగా వినిపిస్తుందో, జనం ఇచ్చే విలువ దాన్ని బట్టే ఉంటుంది.

మీ భయం అబద్ధం కాదు

ఇదంతా చదివి, "మేడమ్‌కేం, నీతులు బాగానే చెబుతారు. రేపు ఉద్యోగం రాకపోతే ఆ నీతులు అన్నం పెడతాయా" అని మీకు అనిపిస్తే అది న్యాయమైన ప్రశ్నే. 2007లో సుఖదేవ్ థోరట్, పాల్ ఆటివెల్ అనే ఇద్దరు పరిశోధకులు మన దేశంలోని ప్రైవేటు కంపెనీల ఉద్యోగ ప్రకటనలకు వచ్చిన స్పందన మీద ఒక పరిశోధన ప్రచురించారు. చదువు, అనుభవం సమానంగా ఉన్న దరఖాస్తులు పంపారు. తేడా పేరులోనే. దళితుల పేర్లు, ముస్లింల పేర్లు ఉన్న దరఖాస్తులకు పిలుపు వచ్చే అవకాశం తక్కువగా ఉంది.

టీచర్ల సంగతి కూడా దాచను. 2012లో వెలువడిన ఇంకో పరిశోధనలో మన దేశంలోనే పిల్లలకు పరీక్ష పెట్టి, జవాబు పత్రాల కవర్ పేజీల మీద కులం, వయసు, అబ్బాయా అమ్మాయా అనే వివరాలను లాటరీ పద్ధతిలో మార్చి రాశారు. దిద్దడానికి టీచర్లకు ఇచ్చారు. తక్కువ కులం అని రాసి ఉన్న పేపర్లకు సగటున కొద్దిగా తక్కువ మార్కులు పడ్డాయి. తేడా చిన్నదే, కానీ ఉంది. ఆ టీచర్లు చెడ్డవాళ్లు కాకపోవచ్చు. తమ పెన్ను అలా కదిలిందని వాళ్లకే తెలిసి ఉండకపోవచ్చు. బోర్డు పరీక్షల్లో జవాబు పత్రం మీద పేరు కనబడకుండా చేసేది ఇందుకే.

కాబట్టి పేరును బట్టి మనుషులను కొలిచే అలవాటు ఉన్న మాట నిజం. మీ బిడ్డను దాని నుంచి తప్పించాలనుకోవడం తప్పు కాదు. విహాన్ అని పెట్టండి, కియాన్ అని పెట్టండి. కానీ ఒక్కసారి మన అప్లికేషన్ ఫారం చూడండి. మొదటి గడిలో విద్యార్థి పేరు. రెండో గడిలో తండ్రి పేరు. మూడో గడిలో తల్లి పేరు. పదో తరగతి మెమో మీద కూడా ఆ మూడు పేర్లూ ఉంటాయి. మొదటి గడిని మనం ఎంత మోడరన్‌గా నింపినా, రెండో గడి, మూడో గడి అలాగే ఉంటాయి. ఊళ్లో పేరంటే నవ్వాలని మన మాటల వల్ల పిల్లలు నేర్చుకుంటే, ఆ నవ్వు ముందు తగిలేది ఎవరికి?

క్లాసులో ఏం జరుగుతుందో మీకు తెలియనిది కాదు. మీరూ స్కూల్లో చదువుకున్నవాళ్లే. ఒకడిని ఏడిపించాలంటే వాడి నాన్న పేరు పెట్టి పిలవడం ఎప్పటి నుంచో ఉన్న ఆట. నాన్న పేరు రవికుమార్ అయితే ఆ ఆట రెండు రోజుల్లో విసుగొచ్చి ఆగిపోతుంది. పెంటయ్య అయితే ఏడాదంతా నడుస్తుంది. ఒక ఏడో తరగతి అబ్బాయి ఇంగ్లిష్ నోట్‌బుక్‌లో 'మై ఫ్యామిలీ' అనే వ్యాసం రాస్తూ నాన్న పేరు ఉండాల్సిన చోట రెండు ఇనీషియల్స్ రాసి వదిలేశాడు. పూర్తి పేరు రాయమంటే "వద్దు మేడమ్, బోర్డు దగ్గర చదవమంటారు" అన్నాడు. వాళ్ల నాన్న ఫీజు ఒక్క నెల కూడా ఆలస్యం కాకుండా కడతారు. తన పేరును కొడుకు ఇలా దాచుకుంటున్నాడని ఆయనకు తెలియదు. తెలిస్తే ఆయన మనసు ఏమవుతుందో ఒక్కసారి ఊహించండి.

యూనిఫాం పెట్టింది ఎందుకు? ఎవరి ఇంట్లో ఎంత ఉందో బట్టలు చెప్పకూడదని. షూ, టై, బ్యాగ్ అన్నీ ఒకటే చేశాం. పేర్లకు యూనిఫాం వేయలేం, వేయకూడదు కూడా. ఆ పేర్లను పిలిచే గొంతును మాత్రం ఒకేలా ఉంచవచ్చు.

నూకలు, జాతర, ఒక పీరియడ్

మాది అనకాపల్లి వైపు. నా పేరు మొదట్లో 'నూక' ఉంది. బీఈడీలో టీచింగ్ ప్రాక్టీసుకు ఒక స్కూలుకు వెళ్లినప్పుడు, "బోర్డు మీద పేరు మొత్తం రాయకండి, పిల్లలు నవ్వుతారు" అని అక్కడి సీనియర్ టీచర్ ఒకరు నా మంచి కోరే సలహా ఇచ్చారు. నేను మొత్తం రాశాను. పిల్లలు నవ్వారు. నవ్వు తగ్గాక, నూకలంటే ఏమిటని అడిగాను. విరిగిన బియ్యం అన్నారు. "భూమ్మీద నూకలున్నాయి" అంటే ఏమిటని అడిగాను. ఇంకా బతికే రాత ఉందని అర్థమని వెనక బెంచీ అమ్మాయి చెప్పింది. అప్పుడు మా అనకాపల్లి నూకాంబిక అమ్మవారి గురించి, ఉగాదికి ముందు వచ్చే కొత్త అమావాస్య జాతర గురించి చెప్పాను. మర్నాడు నలుగురు పిల్లలు తమ తాతల పేర్లు, నానమ్మల పేర్లు వాటి కథలతో సహా పట్టుకొచ్చారు. ఆ పీరియడ్‌లో నేను అనుకున్న గ్రామర్ పాఠం జరగలేదు. కానీ అంతకుముందు నోరు విప్పని పిల్లలు కూడా ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు మాట్లాడారు. చెప్పడానికి వాళ్ల దగ్గర సొంత కథ ఉంది కాబట్టి.

పేరు విషయంలో టీచర్ల చెయ్యి ఎంత పెద్దదో రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారి కథ చెబుతుంది. సంతాలీ కుటుంబంలో ఆమెకు పెట్టిన పేరు పుటి. ద్రౌపది అనే పేరు స్కూల్లో ఒక టీచర్ పెట్టినదని ఆమే ఒక ఇంటర్వ్యూలో చెప్పారు. సంతాలీల ఇళ్లలో పుట్టిన ఆడపిల్లకు నానమ్మ పేరు పెట్టి, ఆ పేరు చనిపోకుండా చూసుకుంటారని కూడా ఆమె చెప్పారు. ఆ టీచర్‌కు చెడు ఉద్దేశం ఉందని ఎవరూ అనలేదు. కానీ ఒక ఇంటి వరస ఆ రిజిస్టర్ దగ్గర మలుపు తిరిగింది. రిజిస్టర్‌లో ఉన్న పేరును ఉన్నట్టు పలకడం, 'ఇంకా షార్ట్‌గా ఏమైనా ఉందా' అని అడగకపోవడం, మా టీచర్లందరి బాధ్యత అని నా నమ్మకం.

మార్చాల్సిన పేర్లూ ఉన్నాయి

పేరు మార్చడమే తప్పని నేను అనడం లేదు. మహారాష్ట్రలో ఆడపిల్లలు వరసగా పుట్టిన కొన్ని ఇళ్లలో 'నకుశా' అని పేరు పెట్టేవారు. అక్కరలేనిది అని దానర్థం. 2011లో సతారా జిల్లాలో రెండు వందలకు పైగా అమ్మాయిలకు అధికారులు ఒక కార్యక్రమం పెట్టి కొత్త పేర్లు ఇచ్చారు. పెంటమ్మ పేరుకు, నకుశా పేరుకు తేడా ఇక్కడే ఉంది. ఒకటి బిడ్డ బతకాలని పెట్టింది, ఇంకొకటి బిడ్డ వద్దని పెట్టింది. బిడ్డను గాయపరిచే పేరు మార్చాలి. పక్కింటివాళ్లు ఏమనుకుంటారో అని బిడ్డ పేరునో, తాత పేరునో దాచనక్కరలేదు.

అందుకే ఇంట్లో ఈ చిన్న పనులు చేయమని కోరుతున్నాను.

కొత్తగా పేరు పెట్టేవాళ్లు, మీకు నచ్చిన పేరే పెట్టండి. కానీ తాతల, నానమ్మల పేర్లను 'పాత చింతకాయ పచ్చడి' అని పిల్లల ముందు తీసిపారేయకండి. టీవీలో కమెడియన్ పేరు విని నవ్వినా, ఇంట్లో పనికి వచ్చే ఆవిడ పేరును కత్తిరించి పిలిచినా పిల్లలు చూస్తూనే ఉంటారు. ఏ పేరు పెద్దది, ఏ పేరు చిన్నది అన్న పాఠం వాళ్లు మొదట నేర్చుకునేది అక్కడే.

పేరు ఏదైనా, కాగితాల మీద ఒకేలా ఉండాలి. న్యూమరాలజీ ప్రకారం ఒక అక్షరం అదనంగా చేర్చి, ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, బర్త్ సర్టిఫికెట్‌లో ఇంకో స్పెల్లింగ్ ఉంటే పదో తరగతి వివరాలు పంపేటప్పుడు ఇబ్బంది పడేది మీరే. 2023 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన చట్ట సవరణ ప్రకారం, ఆ తేదీ నుంచి పుట్టిన పిల్లలకు స్కూల్ అడ్మిషన్‌తో సహా చాలా పనులకు బర్త్ సర్టిఫికెటే ఆధారం. పేరు లేకుండా పుట్టుక నమోదు చేయించి ఉంటే ఏడాది లోపల రుసుము లేకుండా, ఆ తరువాత 15 ఏళ్ల లోపల రుసుము కట్టి పేరు చేర్పించుకోవచ్చు. మెమో మీద పడ్డాక పేరు మార్చుకోవడం చాలా పెద్ద పని.

మూడోది, ఒక ఆదివారం మీ పిల్లలను కూర్చోబెట్టుకొని మీ పేరు మీకు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో చెప్పండి. మీ నాన్న పేరు, మీ అమ్మ పేరు కూడా చెప్పండి. అది పోచమ్మ కావచ్చు, సన్యాసిరావు కావచ్చు, ఆశీర్వాదం కావచ్చు, మస్తాన్ వలి కావచ్చు. ఆ పేరుతోనే ఎవరో ఒకరు ఎండలో నిలబడి, ఒక పూట తగ్గించుకొని మిమ్మల్ని చదివించారు. మీరు ఈరోజు ఈ స్కూల్లో ఫీజు కట్టగలుగుతున్నారంటే ఆ పేరు పునాదిలో ఉంది.

ఆ కథ తెలిసిన పిల్లలు రెండో గడిలో ఇనీషియల్స్ రాసి వదిలేయరు, పూర్తి పేరు రాస్తారు.

— ఇంగ్లిష్ టీచర్, హైస్కూల్ విభాగం